హబ్బుకు పోర్టులు ఎన్నని కాదు, పవర్ ఎంతని అడగాలె

ఊర్లల్ల ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకున్నోళ్ల టేబుల్ మీద ఒకసారి సూడుండ్రి. ప్రింటర్, స్కానర్, వేలిముద్రల మిషన్, వెబ్‌క్యామ్, కీబోర్డు, మౌసు, మీదికెల్లి ఒక హార్డ్ డిస్కు. కంప్యూటర్‌కు ఉండే పోర్టులేమో నాలుగో ఆరో. కొత్త ల్యాప్‌టాప్ అయితే రెండే. గందుకే అందరు ఓ చిన్న యూఎస్‌బీ హబ్బు కొని తగిలిస్తరు. ఇగ అక్కడి నుంచి తిప్పలు షురువైతయి. వేలు పెట్టంగనే మిషన్ లైటు ఆరిపోతది. లైన్ల నిలబడ్డ అవ్వ తన వేళ్లే అరిగిపోయినయేమో అనుకుంటది. సెంటర్ పిలగాడు సర్వర్ డౌన్ అంటడు. కంప్యూటర్లు రిపేర్ చేసుడే నా పని. నా కాడికి వచ్చిన ఇసొంటి కేసులల్ల శానా మట్టుకు దోషం అవ్వ వేళ్లది కాదు, సర్వర్‌ది కాదు, హబ్బుది.

హబ్బంటే ఏందో జర సమజ్ చేసుకుందం. కంప్యూటర్ పోర్టు ఒక నల్లా పైపు అనుకోండ్రి. హబ్బు పెట్టుడంటే ఆ పైపుకు నాలుగు నల్లాలు బిగించుడు. నల్లాలు పెరిగినయని ట్యాంకిల నీళ్లు పెరగవు. ఒక్క నల్లా ఇప్పితే ధార మంచిగొస్తది, నాలుగూ ఇప్పితే సన్నగైతది. హబ్బు పంచేది రెండు: ఒకటి స్పీడు, ఇంకోటి కరెంటు. ఈ రెండింటి లెక్క ఏరేరు.

ముందుగాల కరెంటు సంగతి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల మీద 500 మిల్లీఆంపులు. సొంత అడాప్టర్ లేని హబ్బు ఈ 500లకెల్లే తను 100 దాకా వాడుకుంటది. మిగిలిన 400 నాలుగు పోర్టులకు పంచితే ఒక్కోదానికి వచ్చేది 100. కీబోర్డుకు, మౌసుకు అది సాలు. వేలిముద్రల మిషన్‌కు, హార్డ్ డిస్కుకు సాలకపోవచ్చు. 3.0 పోర్టు 900 మిల్లీఆంపులు ఇస్తది గని, రెండు డిస్కులు పెడితే అదీ సాలదు. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటర్లు ఎక్కువైతే ఓల్టేజీ పడిపోయినట్టే ఇది గూడ. గోడ ప్లగ్గుల పెట్టే అడాప్టర్ ఉన్న హబ్బుకు ఈ కష్టం తక్కువ. పోర్టులకు కావాల్సిన కరెంటు అది బయటికెల్లి తెచ్చుకుంటది.

డిస్కు నడుమల బందయితే ఏమైతది? పెండ్లి వీడియోలు తీసే తమ్ముడొకడు డిస్కు పట్టుకొని ఉరికొచ్చిండు. కాపీ అయితుండంగ హబ్బు కాడ కనెక్షన్ తెగింది. డిస్కు మంచిగనే ఉంది గని, రాస్తున్న ఫైళ్లు సగంల ఆగినయి, ఫోల్డర్లు తెరుసుకోలే. కొంత తీసిన, కొంత పోయింది. పెండ్లి మళ్ల చేయలేం గద.

ఇగ స్పీడు. డబ్బా మీద హై స్పీడ్ అని రాసి ఉంటే మురిసిపోకుండ్రి. యూఎస్‌బీ లెక్కల హై స్పీడ్ అంటే 2000ల వచ్చిన 2.0నే. సెకనుకు 480 మెగాబిట్లు. ఎనిమిదితోని భాగిస్తే 60 మెగాబైట్లు, చేతికొచ్చేది 30 నుంచి 40. 2008ల వచ్చిన 3.0 పేరు సూపర్ స్పీడ్, దాని లెక్క 5 గిగాబిట్లు. 100 జీబీల వీడియోలు 35 ఎంబీ స్పీడుల ఎక్కాలంటే ముప్పావు గంట దాటుతది. 100 ఎంబీ వచ్చే డిస్కుకు 3.0ల పదిహేడు నిమిషాలు సాలు. పోర్టు లోపల నీలి రంగు ప్లాస్టిక్ ఉంటే మామూలుగ అది 3.0 అన్నట్టు. గట్లని అన్ని కంపెనీలు అదే రంగు పెట్టాలని లేదు, డబ్బా మీద సదువుకోవాలె.

పాత మౌసు పెడితే కొత్త డిస్కు నెమ్మదైతదని కొందరు భయపడుతరు. గట్ల కాదు. 3.0 హబ్బు లోపల నిజానికి రెండు హబ్బులుంటయి. పాత సామాన్లు 2.0 తీగల మీదికెల్లి, కొత్తయి సూపర్ స్పీడ్ తీగల మీదికెల్లి పోతయి. గని రెండు డిస్కులు ఒక్కసారే కాపీ పెడితే మాత్రం ఆ 5 గిగాబిట్లే పంచుకోవాలె.

3.0తోని ఇంకో పేచీ ఉంది. దాని సిగ్నల్ నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ కాడ తగులుతది. వైర్‌లెస్ మౌసులు శానా మట్టుకు నడిచేది గక్కడనే. డిస్కు పక్కపొంటి మౌసు రిసీవర్ పెడితే బాణం గుర్తు ఆగాగి పోతది. మౌసు ఖరాబైందని పారేయకుండ్రి. రిసీవర్‌ను ఓ చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతోని జర దూరం జరపండ్రి.

దూరానికీ ఓ హద్దుంది. 2.0 వైరు 5 మీటర్లు దాటొద్దు. 3.0కు 3 మీటర్ల లోపలనే మంచిగుంటది. మామూలు ఎక్స్‌టెన్షన్ వైర్లు ఒకదానికొకటి ముడేసుకుంట పోతే సిగ్నల్ సచ్చిపోతది. నడుమల హబ్బు ఉంటే అది సిగ్నల్‌ను మళ్ల కొత్తగ పంపిస్తది. అట్ల వరుసగ ఐదు హబ్బుల దాకనే పెట్టొచ్చు. పోర్టుకొకటి, హబ్బుకొకటి 5 మీటర్ల వైర్లు లెక్కేస్తే 2.0కు అంతా కలిపి 30 మీటర్లు. పక్క గదిల ప్రింటర్ కోసం ఇంత కష్టం ఎందుకు, వైఫై మీదనో నెట్‌వర్క్ వైరు మీదనో పెట్టుకుంటే సరిపాయె. టైప్-సి హబ్బు నుంచి టీవీకి 4కే బొమ్మ పంపెటోళ్లు గూడ జర జాగ్రత్త. కొన్నిట్ల బొమ్మకే తీగలన్నీ పోతే, డిస్కుకు 2.0 స్పీడే మిగులుతది.

నేను చెప్పేది ఒక్కటే. డిస్కును, వేలిముద్రల మిషన్‌ను నేరుగ కంప్యూటర్‌కే పెట్టండ్రి. కీబోర్డు, మౌసు, వెబ్‌క్యామ్ హబ్బుకు పోనియ్యండ్రి. పోర్టులు సాలకుంటే అడాప్టర్ ఉన్న హబ్బే తీసుకోండ్రి. సర్కారు బడులకు, పంచాయతీలకు కంప్యూటర్లు కొనేటప్పుడు కాగితం మీద పోర్టుల లెక్క ఒక్కటే రాస్తే, అగ్వకు దొరికే హబ్బే వస్తది. అడాప్టర్ ఎన్ని ఆంపులది, హబ్బు 2.0నా 3.0నా అని గూడ అండ్ల రాయాలె. ఆ రెండు ముక్కలు రాసుడుకు పైసా ఖర్చు లేదు. రాయకుంటే మాత్రం ఆ ఖర్చు లైన్ల నిలబడ్డోళ్ల దినం కూలి మీద పడతది.