ఆకలా, జబ్బా? గింజ వేసే ముందు పావురాన్ని చేతిలోకి తీసుకోండి

మా తాత మారిషస్‌లో చెరకు తోటల పక్కన ఇంటి వెనక పావురాలు పెంచేవారు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ళ మనవడు ఆయన. పొద్దున్నే పక్షులకు గుప్పెడు గింజలు వేయకుండా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదని ఆయన నియమం. తెలుగు నాలుగు మాటలే మిగిలిన మా ఇంట్లో ఆ నియమం మాత్రం చెక్కుచెదరలేదు. నాతో పాటు లండన్ కూడా వచ్చింది. దాన్ని గుడ్డిగా పట్టుకోవడం వల్లే నా మొదటి పావురాన్ని పోగొట్టుకున్నాను.

పక్క వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. డర్హామ్ బొగ్గుగనుల్లో పనిచేసిన కుటుంబం వాళ్ళది. ఉత్తర ఇంగ్లండ్ గనుల ఊళ్ళలో పందెం పావురాలు పెంచడం తరాల నాటి అలవాటు. పందేల కోసం 1896లో పెట్టుకున్న జాతీయ సంఘమే ఇప్పటి రాయల్ పిజియన్ రేసింగ్ అసోసియేషన్. ఎగరడానికి పనికిరాని ఒక జతను ఆయన నాకు ఇచ్చారు. మొదటి చలికాలంలోనే ఆడపావురం ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంది. చిక్కిపోతోందని గింజలు పెంచాను. అన్నం పెట్టాను, రొట్టె నానబెట్టి పెట్టాను. గింజ నోట పట్టడం, మళ్ళీ వదిలేయడం. తొమ్మిదో రోజున పశువైద్యురాలు దాని నోరు తెరిచి చూపించారు. గొంతు నిండా పసుపుపచ్చటి, జున్నులాంటి గడ్డ. దానికి ఆకలి ఉంది, మింగే దారి లేదు. అప్పటికే ఆలస్యమైంది.

చిక్కిన పక్షి కనిపిస్తే మన చేయి గింజల డబ్బా మీదికి పోతుంది. ముందు పక్షి మీదికి పోవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

చేతితో, కంటితో, తూకంతో

పావురాన్ని రెండు చేతులా పట్టుకుని రొమ్ము మధ్య ఎముకను వేలితో తడమండి. రెండు పక్కలా కండ నిండుగా తగలాలి. ఎముక కత్తి అంచులా తగిలితే పక్షి చాలా రోజులుగా క్షీణిస్తోందని అర్థం. ఈకలు ఉబ్బి ఉంటే కంటికి ఇది తెలియదు. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. పెద్ద పావురం సాధారణంగా 300 నుంచి 450 గ్రాములు ఉంటుంది. దేని మామూలు తూకం ఎంతో మీకు తెలిసి ఉంటే, 30 గ్రాములు తగ్గినా వెంటనే పట్టుకోవచ్చు.

తర్వాత నోరు తెరిచి టార్చి వేసి చూడండి. ఆ పైన రెట్ట చూడండి. ఆరోగ్యంగా ఉంటే గుండ్రంగా, గట్టిగా, పైన తెల్లటి టోపీతో ఉంటుంది. పచ్చగా నీళ్ళలా ఉంటే ఏదో తేడా ఉన్నట్టే.

గొంతు జబ్బు

మా పావురాన్ని చంపినదాన్ని ఇక్కడ క్యాంకర్ అంటారు. ట్రైకోమొనాస్ అనే ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. చాలా పెద్ద పావురాలు దీన్ని ఏ లక్షణమూ లేకుండా మోస్తుంటాయి. ఒకే గిన్నెలో నీళ్ళు తాగినప్పుడు, తల్లిదండ్రులు పిల్లల నోట్లోకి మేత దించినప్పుడు అంటుకుంటుంది. ఎండితే త్వరగా చస్తుంది, తడిలో బతుకుతుంది. అందుకే నీళ్ళ గిన్నెను రోజూ కడిగి ఆరబెట్టాలి. రెండు గిన్నెలు పెట్టుకుంటే ఒకటి ఆరుతుండగా ఇంకొకటి వాడుకోవచ్చు.

గొంతులోని గడ్డను గోకి తీయకండి, రక్తం కారి ప్రాణం మీదికి వస్తుంది. దీనికి రొనిడజోల్, కార్నిడజోల్ వంటి మందులు ఉన్నాయి. గూటిలో ఒక్కదానికి కనిపించినా అన్నిటికీ వైద్యం చేయాలి.

ఈ జబ్బు మన గూటితో ఆగదు. 2005 నుంచి బ్రిటన్‌లో గ్రీన్‌ఫించ్ పిట్టలు ఇదే పరాన్నజీవితో పెద్ద ఎత్తున చనిపోయాయి. పావురాల జాతి నుంచే వాటికి సోకి ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు. 2021లో ఆ పిట్టను ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో చేర్చారు. కాబట్టి పెరట్లో గింజలు కుప్పపోసి రోజుల తరబడి వదిలేయకండి. పుణ్యానికి వేసిన గింజ పిట్టల పాలిట శాపం కాకూడదు.

కడుపులోని పురుగులు

బాగా తింటూనే చిక్కిపోతుంటే పురుగులను అనుమానించాలి. ఏలికపాములు కంటికి కనిపిస్తాయి, ఒక్కోసారి రెట్టలో పడతాయి. వెంట్రుకంత సన్నటి క్యాపిలేరియా పురుగులు కనబడవు, కానీ అవే ఎక్కువ హాని చేస్తాయి. వాటి గుడ్లు రెట్టతో కిందపడి తడి చెత్తలో ముదురుతాయి. కాక్సిడియా అనే సూక్ష్మజీవికీ తడే బలం. ఈ దేశపు వానకు గూడు కారకుండా చూసుకోవడమే సగం వైద్యం.

ఊహ మీద మందు వేయకండి. రెండు మూడు రోజుల రెట్ట కొద్దికొద్దిగా సేకరించి పశువైద్యుడికి ఇస్తే సూక్ష్మదర్శినిలో చూసి ఏ గుడ్లు ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో చెబుతారు. కాక్సిడియా కొద్దిగా ఉంటే మందే అక్కరలేకపోవచ్చు. కోళ్ళకు, కుక్కలకు వాడే పురుగుల మందు మిగిలిందని పావురానికి పోయడం అసలు వద్దు. ఫెన్‌బెండజోల్ మోతాదు మించితే పావురాలకు విషమే. ఈకలు మార్చుకునే కాలంలో ఇస్తే కొత్త ఈకలు వంకరగా వస్తాయి.

ఒంటి మీది పురుగులు

ఎర్రనల్లి పగలు చెక్క సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతుంది. పగలు పక్షిని ఎంత వెతికినా దొరకదు. చీకటి పడ్డాక టార్చితో కర్రల కింది భాగం చూడండి, లేదా రాత్రి తెల్లగుడ్డ పరిచి పొద్దున చూడండి. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కాబట్టి పక్షికి మందు వేస్తే సరిపోదు, గూటి సందులన్నీ శుభ్రం చేయాలి. ఈకపేలు సూదుల్లా సన్నగా రెక్క ఈకల మధ్య ఉంటాయి. వారానికోసారి వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెడితే పావురాలే స్నానం చేస్తాయి, తర్వాత ఆ నీళ్ళు పారబోయండి.

ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి

పెద్ద పావురానికి రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు చాలు. బఠాణీలు, గోధుమలు, మొక్కజొన్న, కొద్దిగా కుసుమలు కలపండి. చలికాలంలో మొక్కజొన్న కాస్త పెంచవచ్చు. పళ్ళు లేని పక్షి కాబట్టి లోపల గింజ నలగడానికి గ్రిట్ అనే సన్నటి రాళ్ళు, సున్నం కోసం ఆల్చిప్పల పొడి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పావురం తల ఎత్తకుండా ముక్కు ముంచి పీల్చి తాగుతుంది, అందుకని నీళ్ళు లోతుగా ఉండాలి. బ్రెడ్డు కడుపు నింపుతుంది కానీ బలం ఇవ్వదు. వండిన అన్నం మిగిలితే పులుస్తుంది.

పచ్చి బియ్యం తింటే పక్షి కడుపు పగులుతుందని ఇక్కడి పెళ్ళి హాళ్ళలో అంటుంటారు. అది నిజం కాదు. అయితే పసుపు, కుంకుమ, నెయ్యి పట్టించిన అక్షింతలు మేత కాదు, ఊడ్చేయండి.

గూటి నుంచి పడిన పిల్ల దొరికితే ఆవుపాలు పోయకండి. మొదటి కొద్ది రోజులు పిల్లలు బతికేది తల్లీ తండ్రీ ఇద్దరి మేత సంచుల్లోనూ ఊరే 'పావురం పాలు' మీదే, దానికి ఆవుపాలు సాటిరావు. కాస్త ఈకలు వచ్చిన పిల్లకైతే గడ్డకట్టిన బఠాణీలను కరిగించి, గోరువెచ్చగా చేసి, ఒక్కొక్కటే నోట్లో పెట్టవచ్చు. ముందు పిల్లను వెచ్చబరచాలి. చల్లబడిన పిల్లకు మేత అరగదు.

రెండు హెచ్చరికలు

గింజను పొడవబోయి పక్కన పొడుస్తున్నా, మెడ తిరిగిపోతున్నా అది పురుగుల పని కాకపోవచ్చు. పారామిక్సోవైరస్ కావచ్చు. దాని అనుమానం కలిగితే ప్రభుత్వ జంతు ఆరోగ్య సంస్థ ఆఫాకు తెలపడం చట్టరీత్యా తప్పనిసరి. పందేలకు, ప్రదర్శనలకు వెళ్ళే పావురాలకు దీని టీకా వేయించి తీరాలి.

రెండోది మన గురించి. ఏళ్ళ తరబడి ఈకల ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు గూడు ఊడ్చాక దగ్గుతుంటే దాన్ని చలిగాలి మీదికి నెట్టేయకండి. డాక్టరు దగ్గర పావురాల మాట తప్పక చెప్పండి. గూడు శుభ్రం చేసేటప్పుడు మాస్కు కట్టుకోండి.

శిబి చక్రవర్తి కథ మనందరికీ తెలుసు. పావురాన్ని కాపాడాలనుకున్న రాజు ముందు త్రాసు తెప్పించాడు. మా వంటింట్లోనూ ఇప్పుడు పావురాల కోసం ఒక త్రాసు ఉంది. పక్కనే తూకాలు రాసే పుస్తకం ఉంది. ఆదివారం పొద్దున మా అమ్మాయి ఒక్కోదాన్నీ తూచి, నోరు చూసి, అంకె రాస్తుంది. తాత చెప్పిన గుప్పెడు గింజలు ఆ తర్వాతే.