హిందీలో ‘శిక్ష’ అంటే చదువు!
ఆరో తరగతిలో మొదలు - పదిలో 20 మార్కులతో సరి

ఆరో తరగతి పిల్లవాడు హిందీ వాచకంలో ‘శిక్షా’ అన్న మాట చూస్తాడు. మాస్టారి చేతి బెత్తమే వాడికి గుర్తుకొస్తుంది. తీరా హిందీలో దాని అర్థం చదువు. ‘వ్యవసాయ్’ అంటే నాగలి, ఎడ్లు అనుకుంటాడు. అక్కడ అది వృత్తి, వ్యాపారం. ‘ఉపన్యాస్’ అంటే సభలో చేసే ప్రసంగం కాదు, నవల. ‘సంసార్’ అంటే ఆలుబిడ్డలు కాదు, లోకం. ‘అవకాశ్’ అంటే సెలవు. తెలిసిన మాటే తెలియనిదై కూర్చుంటే పిల్లవాడు బిక్కమొహం వేయడంలో వింత లేదు.

ఈ భాష శ్రీకాకుళం జిల్లా పిల్లలకు పరీక్షతో తీరిపోయేది కాదు. ఎచ్చెర్ల తీరంలోని మత్స్యకార గ్రామాల నుంచి ఎందరో గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి వెళతారు. సైన్యంలో చేరే యువకులూ జిల్లాలో తక్కువేమీ కాదు. ఊరు దాటిన వాడికి మొదట కావలసింది నాలుగు హిందీ ముక్కలు. కూలి ఎంత, అడ్వాన్సులో ఎంత కోశారు, ఒంట్లో ఎక్కడ నొప్పి అన్నది చెప్పుకోలేకపోతే నష్టపోయేది వాడే.

ఐదేళ్ల చదువు ఏమైనట్టు?

త్రిభాషా సూత్రాన్ని 1968 జాతీయ విద్యావిధానం చెప్పింది. దాని ప్రకారం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో హిందీ ఆరో తరగతిలో మొదలవుతుంది. పది దాకా ఐదేళ్లు చదవాలి. పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకు 35 మార్కులు రావాలి. హిందీకి 20 వస్తే చాలన్నది ఏళ్ల తరబడి నడిచిన నిబంధన. పిల్లలకు ఊరట కలిగించడానికే దీన్ని పెట్టారు. ఫలితం మాత్రం వేరుగా ఉంది. 20 మార్కులకు వ్యాసం ఒకటి, లేఖ ఒకటి బట్టీ పడితే సరిపోతుందన్న ధీమా వచ్చింది. లెక్కలు, సైన్సు ముందు హిందీ పీరియడ్ వెనకబడింది. అక్షరాలు చూసి రాయగలిగి, ‘నీ పేరేమిటి’ అని అడిగితే జవాబు చెప్పలేని విద్యార్థులు తయారయ్యారు.

ఎక్కడ తికమక?

నిజానికి తెలుగు పిల్లలకు హిందీ అంత దూరపు భాష కాదు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వరుస రెండింటికీ ఒకటే. అక్షరాల రూపాలే వేరు. వాక్యం నడకా మనదే. ‘నేను అన్నం తింటాను’ అన్న వరుసలోనే ‘మై చావల్ ఖాతా హూ’ అంటారు. బజారు, కుర్చీ, జేబు, రసీదు, ఖర్చు, దుకాణం వంటి మాటలు పిల్లవాడు ఇంట్లోనే నేర్చుకుని బడికి వస్తాడు.

చిక్కంతా ఆడ, మగ తేడాలో ఉంది. తెలుగులో అక్క వచ్చింది, ఆవు వచ్చింది, లారీ వచ్చింది. అన్నింటికీ ఒకటే క్రియ. హిందీలో ప్రాణం లేని వస్తువుకూ లింగం ఉంటుంది. నావ స్త్రీలింగం, వల పుంలింగం. బస్సు వస్తే ‘ఆయీ’, ట్రక్కు వస్తే ‘ఆయా’ అనాలి. ‘రాముడు రొట్టె తిన్నాడు’ అన్నప్పుడు ‘రామ్ నే రోటీ ఖాయీ’ అంటారు. తిన్నది రాముడైనా క్రియ రొట్టె వెంట పోతుంది! కారణం చెప్పకుండా సూత్రం ఒక్కటే బోర్డు మీద రాస్తే పిల్లలు బెదిరిపోతారు.

పలకడంలోనూ ఒక అలవాటు అడ్డొస్తుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే రైల్ మనకు రైలయింది, బస్ బస్సయింది. అదే అలవాటున ‘ఘర్’ను ‘ఘరు’ అంటారు. చెవితో వింటే తప్ప ఇది పోదు.

ముందు నోరు, తర్వాత కలం

మొదటి నెలల్లో రాత తగ్గించి మాట పెంచడమే దీనికి మందు. పేరు, ఊరు, ఇంట్లో వాళ్లు, బజారు బేరం, ఆసుపత్రి, రైలు స్టేషన్ - రోజుకు రెండు వాక్యాలు ఇద్దరిద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవాలి. వస్తువు పేరును ఒంటరిగా కాక క్రియతో కలిపి చెప్పాలి. ‘బస్ ఆయీ, ట్రక్ ఆయా’ అని పదిసార్లు అన్న పిల్లవాడికి లింగం పట్టిక బట్టీ పట్టే పని ఉండదు. ‘శిక్షా’, ‘వ్యవసాయ్’ లాంటి మోసపు మాటల జాబితా గోడకు అంటిస్తే పిల్లలు నవ్వుకుంటూనే నేర్చుకుంటారు. పెద్దలను ‘ఆప్’ అనాలని మొదటి వారంలోనే చెప్పాలి. ‘తూ’ అని తెలియక అన్నా పరాయి ఊళ్లో తగువు వస్తుంది.

బడిలో చాలనిది బయట నేర్చుకునే దారి పాతదే. 1918లో గాంధీజీ పూనికతో మద్రాసులో హిందీ ప్రచారం మొదలైంది. ఆయన కుమారుడు దేవదాస్ గాంధీ స్వయంగా పాఠాలు చెప్పారు. కృష్ణా జిల్లాకు చెందిన మోటూరి సత్యనారాయణ ఆ ఉద్యమానికే జీవితం అంకితం చేశారు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ నడిపే ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలకు పల్లెల్లో ఎందరో కట్టి పైకొచ్చారు.

ఇంట్లోనూ కొంత పని ఉంది. వెరావల్ నుంచి వేటకు విరామం ఇచ్చి వచ్చిన తండ్రికి పుస్తకం హిందీ రాకపోవచ్చు. బోటు మీద హిందీ వచ్చు. రోజూ అన్నం దగ్గర కొడుకుతో నాలుగు మాటలు ఆ భాషలో మాట్లాడితే చాలు. తల్లిదండ్రుల సమావేశంలో మార్కులెన్ని అని అడిగేవారు, పిల్లవాడు ఏం మాట్లాడగలడో కూడా అడగాలి. రేపు పరాయి రేవులో కూలి లెక్క చూసుకునే వేళ వాడికి అక్కరకొచ్చేది ఆ మాటలే, 20 మార్కులు కాదు.