చెప్పుల దుకాణంలో మొదలైన మోటారు

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో నార్‌ఫోక్ అనే ఊరుంది. అక్కడ చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్‌కి బాణసంచా అంటే ప్రాణం. సోదరుడు రాబర్ట్‌కి విమాన నమూనాల పిచ్చి. ఇద్దరూ కలిసి 1954లో ఒక బుల్లి రాకెట్ చేశారు. తారాజువ్వలో కూరే నల్లమందే దాని మోటారు. మందు కాలి చివర్లో ఎదురు తన్ని పారాచూట్‌ని బయటికి నెట్టేది. మోటారు మార్చి మళ్లీ ఎగరేసుకోవచ్చు. స్పుత్నిక్ ఉపగ్రహం ఎగిరిన రోజుల్లో, తామూ రాకెట్లు చేయాలని ఇళ్లలో మందు కలిపి గాయాలపాలవుతున్న పిల్లలకు అది నిజంగా ప్రాణరక్షే.

మోటారు శక్తిని అక్షరాల్లో చెబుతారు. తోపుడు బలాన్ని అది పనిచేసే కాలంతో గుణిస్తే వచ్చేది ప్రచోదనం. ‘ఏ’ తరగతికి హద్దు 2.5 న్యూటన్-సెకన్లు, ‘బీ’కి 5, ‘సీ’కి 10. అక్షరం మారినప్పుడల్లా హద్దు రెట్టింపు. ‘జీ’ 160 దగ్గర ఆగుతుంది. ‘హెచ్’ నుంచి హై పవర్. ‘ఓ’ దగ్గరికొచ్చేసరికి 40,960! ‘హెచ్128’ అని రాసి ఉంటే, హెచ్ తరగతి మోటారు, సగటు బలం 128 న్యూటన్లు అని అర్థం.

ఇంత బలానికి నల్లమందు చాలదు. అమోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి కలిపి, రబ్బరు లాంటి బంకతో పోత పోస్తారు. మన పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోసే దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం కూడా ఈ కుటుంబానిదే. శ్రీహరికోటలో పోసేదీ అదే. ఇలా పోసిన, నడుమ రంధ్రమున్న స్తంభాలను ‘గ్రెయిన్లు’ అంటారు. అవి లోపలినుంచి బయటికి కాలతాయి. అల్యూమినియం తొడుగు, వాయువును బయటికి చిమ్మే నాజిల్, కుక్కర్ గాస్కెట్‌లా వాయువును ఆపే ఓ-రింగులు, అంతే మోటారు. ఎగిరొచ్చాక తొడుగు కడిగి, కొత్త గ్రెయిన్లు పెట్టుకుంటారు. ఓ-రింగు నలిగితే మాత్రం వేడి వాయువు పక్కకి తన్నుకొస్తుంది. మోటారు పేలిపోవడాన్ని రాకెట్ ఔత్సాహికులు ‘కేటో’ అంటారు.

ఈ పెర్‌క్లోరేట్ మందు పేలుడు పదార్థమని అమెరికా ప్రభుత్వ సంస్థ వాదిస్తే, ఔత్సాహికుల సంఘాలైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, ట్రిపోలి రాకెట్రీ అసోసియేషన్ 2000లో కోర్టుకెక్కాయి. 2009లో గెలిచాయి. ఈలోగా 2004 మే 17న నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారి నుంచి ఒక ఔత్సాహిక బృందం రాకెట్ 100 కిలోమీటర్లు దాటి అంతరిక్షం అంచు తాకింది.

నాకు మాత్రం ఎక్కడం కన్నా దిగడంలోనే అసలు పనితనం కనిపిస్తుంది. శిఖరాన పెద్ద పారాచూట్ విప్పితే గాలి దాన్ని ఎటో కిలోమీటర్ల దూరం మోసుకుపోతుంది. అందుకే అక్కడ ‘డ్రోగ్’ అనే చిన్నది, నేల కొన్ని వందల మీటర్లలోకి వచ్చాక పెద్దది విప్పుతారు. గాలి పీడనాన్ని కొలిచే ఆల్టీమీటర్ శిఖరాన్ని గుర్తించి, కొద్దిపాటి పొడికి నిప్పు అంటిస్తుంది. పారాచూట్‌ని బయటికి నెట్టే ఆ కొన్ని గ్రాముల పొడి, కార్లైల్ కూరిన నల్లమందే. పెద్ద మోటారులో చోటు పోయినా దించే కొలువు దానికి దక్కింది. హై పవర్ రాకెట్లు ఎగరేయడానికి మొదటి అర్హత కోరే వ్యక్తి ఎగరేసిన రాకెట్ క్షేమంగా తిరిగి దొరకాలి. దొరక్కపోతే ఎంత ఎత్తు ఎక్కినా అర్హత ఇవ్వరు.