కలం పట్టని వేళ ఏం చేసేవారు?

రచయితో చిత్రకారుడో ఎదురుపడితే పాఠకులు అడగకుండా ఉండలేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఈ వారం ఏం చదివారు? ఏం చూశారు? ఏం విన్నారు? ఇంటి పట్టున ఉంటే ఏ పని పెట్టుకుంటారు? పైకి పొద్దుపోని కబుర్లలా వినిపించినా, ఒక మనిషి కళ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది ఈ జవాబుల్లోనే. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పెద్దలు కొందరి జీవితాలను ఈ ప్రశ్నలతో కదిపి చూస్తే ఒక సంగతి పదే పదే కనిపిస్తుంది. వాళ్లను మనం ఇవాళ తలుచుకుంటున్న పనుల్లో చాలావాటికి ఉద్యోగంతో సంబంధం లేదు. బడి గంట కొట్టాకో, ఫైళ్లు మూశాకో, ఎవరూ అడగకుండానే ఇష్టంగా పట్టుకున్న పనులవి.

ఆదిలాబాద్ నుంచే మొదలుపెడదాం. సామల సదాశివ 1928 మే 11న దహెగాం మండలం తెనుగుపల్లెలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. వృత్తి పాఠాలు చెప్పడం. నిజాం కాలంలో చదువుకున్న తరం కాబట్టి ఉర్దూ బడిలోనే వచ్చేసింది. చాలామంది ఆ భాషను పరీక్షల కోసం చదివి, ప్రభుత్వం మారగానే పక్కన పెట్టారు. సదాశివ మాత్రం దాన్ని వదల్లేదు. ఉర్దూ వెంట ఫారసీకి వెళ్లారు. సంస్కృతం, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు కూడా చదివారు.

ఇంత చదువును ఏం చేయాలో తోవ చూపినవారిలో సురవరం ప్రతాపరెడ్డి ముఖ్యులు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పిన సంపాదకుడాయన. తెలుగు పద్యాలు రాస్తున్న యువకుడైన సదాశివకు ఆయన చెప్పిన మాట సూటిగా ఉంది: పద్యాలు రాసేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు, నీకు ఉర్దూ వచ్చు, ఆ సాహిత్యాన్ని తెలుగువాళ్లకు చెప్పు. ఆ సలహాను సదాశివ జీవితాంతం పాటించారు. ఉర్దూ సాహిత్య చరిత్ర రాశారు, ఫారసీ కవులను పరిచయం చేశారు, మీర్జా గాలిబ్ గురించి రాశారు.

అన్నింటికన్నా గుర్తుంచుకోవాల్సింది అమ్జద్ హైదరాబాదీ రుబాయీల అనువాదం. 1908 మూసీ వరదలో తల్లినీ, భార్యనీ, బిడ్డనూ పోగొట్టుకుని ప్రాణాలతో మిగిలిన కవి అమ్జద్. రుబాయీ నాలుగే పాదాల పద్యం. మొదటి మూడు పాదాలు కట్టుకుంటూ వచ్చిన భావానికి నాలుగో పాదంలో దెబ్బ పడాలి. అనువాదంలో ఆ నాలుగో పాదం జారితే పద్యమంతా చప్పబడిపోతుంది. సదాశివ రెండు భాషల ఛందస్సులూ తెలిసినవారు కనుక ఆ పనికి సరిపోయారు.

హైదరాబాదుకు మూడు వందల కిలోమీటర్ల దూరంలో, పెద్ద గ్రంథాలయాలకూ సాహిత్య సభలకూ ఎడంగా ఉంటూ ఇదంతా ఎలా సాధ్యమైంది? ఉత్తరాలు. పండితులకు రాసేవారు, సందేహాలు అడిగేవారు, వచ్చిన జవాబులు దాచుకునేవారు. వేలూరి శివరామశాస్త్రి వంటి ఉద్దండుల సాహచర్యం ఆయనకు ఎక్కువగా తపాలా ద్వారానే దక్కింది. ఒక కార్డు వెళ్లి జవాబు రావడానికి పట్టే రోజుల్లో చదివింది మళ్లీ చదువుకోవచ్చు, అడిగిన ప్రశ్ననే మరోసారి ఆలోచించుకోవచ్చు. ఆయన వచనంలోని నింపాదితనం ఈ అలవాటు నుంచి వచ్చిందనే నాకు అనిపిస్తుంది. ఆయన జ్ఞాపకాల పుస్తకం ‘యాది’ చదివినవారికి ఇది వివరించనక్కర్లేదు. పెద్దాయన ఎదురుగా కూర్చోబెట్టుకుని ముచ్చట చెప్తున్నట్టే ఉంటుంది. ఎక్కడా పాండిత్యం ప్రదర్శనకు రాదు.

ఇక సంగీతం. సదాశివ కచేరీలు చేసే గాయకుడు కారు, వినేవాడు. ఆ వినికిడే ఆయనతో ‘మలయమారుతాలు’, ‘సంగీత శిఖరాలు’, ‘స్వరలయలు’ రాయించింది. తెలుగులో సంగీతం గురించి రాసేవాళ్లు సహజంగా త్యాగరాజు వైపు చూస్తారు. ఆదిలాబాద్ మనిషి చూపు ఉత్తరానికి పోవడానికి కారణం ఉంది. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అభంగాలు, మరాఠీ నాటకాల పాటలు ఆ గాలిలోనే ఉంటాయి. ఇటు హైదరాబాదు కూడా హిందుస్తానీ గాయకులను ఆదరించిన నగరమే. బడే గులాం అలీఖాన్ 1968లో కన్నుమూసింది అక్కడే.

ఆ రోజుల్లో దూరపు పట్టణాల్లో ఉన్న శ్రోతకు ఉస్తాదుల గొంతు వినిపించే సాధనం రేడియో. 1952లో ఆకాశవాణి మొదలుపెట్టిన జాతీయ సంగీత కార్యక్రమం శనివారం రాత్రుల్లో వచ్చేది. టికెట్టు కొని సభకు వెళ్లే వీలు లేని వేలమందికి వారానికో కచేరీ అలా ఇంటికే వచ్చింది. అలా విని పెంచుకున్న ఇష్టాన్ని ఇంకొకరికి అందేలా రాయడం కష్టం. ఘరానా అంటే ఏమిటో, ఒకే రాగాన్ని ఇద్దరు ఉస్తాదులు ఎందుకు వేరుగా పాడతారో స్వరజ్ఞానం లేని పాఠకుడికి చెప్పాలి. సదాశివ ఆ కష్టాన్ని కథలతో దాటారు. గాయకుల స్వభావాలు, పట్టుదలలు, అలకలు చెబుతూ చెబుతూ రాగం దగ్గరికి తీసుకెళ్లారు. ‘స్వరలయలు’కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయన వయసు 83. మరుసటి ఏడాది ఆగస్టు 7న ఆదిలాబాద్‌లోనే కన్నుమూశారు.

ఉర్దూ బడి నుంచి తెలుగుకు వచ్చిన మరో పేరు సి. నారాయణరెడ్డి. 1931లో హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్లలో, కరీంనగర్‌లో చదువుకున్నారు. చదువు ఉర్దూలో, చెవిలో మాత్రం ఊరి హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు. ఆయన తెలుగు గజళ్లలో ఈ రెండూ కలిసే వినిపిస్తాయి. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం తెచ్చిన ‘విశ్వంభర’ కవి తన పుట్టినరోజుకు ఏటా కొత్త పుస్తకం తేవడం అలవాటు చేసుకున్నారు. ఏటేటా ఒక పుస్తకం తేవాలంటే వారం వారం రాయాల్సిందే.

తోట వైకుంఠం దారి పుస్తకాలది కాదు, కళ్లది. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఈ చిత్రకారుడికి చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చే నాటకాల వాళ్లంటే పిచ్చి. ఆడవేషం కట్టే మగవాళ్లు ముఖానికి రంగు పూసుకోవడం, బొట్టు దిద్దుకోవడం, నగలు తగిలించుకోవడం కళ్లార్పకుండా చూసేవాడు. ఇంట్లో అమ్మ, ఊళ్లో నిండైన చీరలు కట్టి, నుదుట పెద్ద కుంకుమ బొట్టుతో తిరిగే ఆడవాళ్లు ఎప్పుడూ కళ్లముందే ఉన్నారు.

అయినా ఆ బొమ్మలు వెంటనే రాలేదు. హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివి, 1970ల మొదట్లో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. కాళీఘాట్ పటాల నుంచి మట్టి బొమ్మల దాకా జానపద కళలన్నీ ఆధునిక చిత్రకారుడికి పాఠాలేనని నమ్మిన గురువు ఆయన. దేశదేశాల చిత్రకళ తెలుసుకుని వచ్చిన శిష్యుడు చివరికి చేరింది బూరుగుపల్లికే. ఎరుపు, కాషాయం, పసుపు: వైకుంఠం ఎక్కువగా వాడేవి ఇలాంటి గట్టి రంగులే. కలిపి తయారుచేసిన రంగులు ప్రకృతిలో దొరకవని ఆయన వాదన. పసుపు, కుంకుమ, మందారం చూస్తూ పెరిగిన కంటికి అది వాదన కూడా కాదు, నిజం. ఆయన గీసిన తెలంగాణ ఆడవాళ్లలో ఒక నిబ్బరం ఉంటుంది. చూసేవాళ్ల మెప్పు కోసం వాళ్లు వంగి నిలబడరు.

ఆ చూపు సినిమాకూ పనికొచ్చింది. దొర గడీలో బతికిన ఒక దాసి కథతో బి. నర్సింగరావు తీసిన ‘దాసి’కి వైకుంఠం కళాదర్శకత్వం వహించారు. 1988 సంవత్సరపు జాతీయ పురస్కారాల్లో ఆ చిత్రానికి ఐదు వచ్చాయి. కళాదర్శకత్వానిది వాటిలో ఒకటి. గడీ గోడలు, గదుల చీకట్లు ఆ సినిమాలో అలంకరణగా కాక, కథ చెప్పే పాత్రలుగా నిలిచాయి.

ఇంటి పని అంటే ఎక్కువగా గుర్తు రావాల్సింది పి.వి. నరసింహారావు. పెరిగిన వంగర అప్పట్లో కరీంనగర్ జిల్లా. ప్రధాని కావడానికి చాలా ముందే ఆయన కథకుడు. పాములపర్తి సదాశివరావుతో కలిసి నడిపిన కాకతీయ పత్రికలో, ‘విజయ’ పేరుతో 1949లో ‘గొల్ల రామవ్వ’ అచ్చయింది. ఆ తరువాత ఎన్నికలు, మంథని నియోజకవర్గం, మంత్రి పదవులు. వాటి నడుమ పెట్టుకున్న సొంత పని ఎంత పెద్దదంటే, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను హిందీలోకి తేవడం. విశ్వనాథ 1959 నుంచి కొన్నాళ్లు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంటే మూల రచయిత, అనువాదకుడు ఇద్దరికీ ఆ ఊరితో బంధం ఉంది. వెయ్యి పుటల దాకా సాగే ఆ నవలలో పల్లె ఆచారాలు, ధర్మచర్చలు, ప్రబంధ ధోరణి వాక్యాలు పేజీ పేజీకీ అడ్డొస్తాయి. పూర్తికాలపు అనువాదకులే వెనకాడే పనిని, మంత్రిగా ఉంటూ మిగుల్చుకున్న వేళల్లో పీవీ ముగించారు. ‘సహస్రఫణ్’ 1968లో వెలువడింది. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగు చేసిందీ ఆయనే.

అరవై దాటాక ఆయన మొదలుపెట్టిన పని ఇంకా ఆశ్చర్యం. 1980ల మధ్యలో, రాజీవ్ గాంధీ హయాంలో, ఢిల్లీ పెద్దలకు కంప్యూటరంటే తెలియని భయం. పీవీ మాత్రం కొడుకు ద్వారా ఒకటి ఇంటికి తెప్పించుకుని, పుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నారు. టైపు చేయడం వచ్చాక చాలామంది అక్కడితో ఆగుతారు. ఆయన కోబాల్, బేసిక్ వంటి ప్రోగ్రామింగ్ భాషల దాకా వెళ్లారు. కొత్త భాష కనిపిస్తే దాని వ్యాకరణం తేలేదాకా వదలని గుణం వేయిపడగలు దగ్గరా అదే, కంప్యూటర్ దగ్గరా అదే.

వీళ్లలో ఒకరి నుంచి ఈ వారం ఏదైనా పట్టుకోవాలనుకునేవారికి ‘స్వరలయలు’ మంచిది. సదాశివ రాసిన రోజుల్లో ఒక గాయని గురించి చదివినవాడు ఆమె గొంతు వినాలంటే ఎన్నాళ్లో ఎదురుచూడాల్సి వచ్చేది. ఇప్పుడు పుస్తకం ఒక చేత, ఫోను ఒక చేత పట్టుకోవచ్చు. కేసర్‌బాయి కేర్కర్ భైరవి వెతకండి, వెంటనే దొరుకుతుంది. 1977లో వాయేజర్ నౌకలు అంతరిక్షానికి మోసుకెళ్లిన బంగారు రికార్డులో చోటు దక్కిన భారతీయ పాట అదే. మూడున్నర నిమిషాలకు మించదు. ఒకసారి విని, సదాశివ వ్యాసాలు చదివి, మళ్లీ వినండి.