కోనసీమ చెరువులు

కోనసీమ యనగానే కొబ్బరితోటలు, కాలువగట్లు, నిండు గోదావరి తలపునకు వచ్చును. ఇంతటి నీటి నడుమ నీటికి కరవేమి యని పాఠకులు అనుకొనవచ్చును. కాని గౌతమి, వసిష్ఠ, బంగాళాఖాతము మూడువైపుల చుట్టుకొనిన యీ సీమలో, కడలి చేరువ గ్రామములకు త్రాగునీరు ఏనాడును సులభముగా దొరకలేదు. అచ్చటి నేల క్రింద ఉప్పునీరు పొంచియున్నది. దానిని నిలువరించుటలో ఊరి చెరువునకు గల పాత్ర మనము మరచుచున్నాము.

చలిదేశముల సేద్యపు నేలలయందును చిన్న చెరువులు అసంఖ్యాకముగా కలవు. ఉత్తర అమెరికా మైదానములలో వేలయేండ్ల క్రిందట హిమానీనదములు వెనుకకు తగ్గినపుడు ఏర్పడిన గుంటలవి. వసంతమున కరగిన మంచు వానిని నింపును. ఆ నీటిలో కొంత నేలలోనికి ఇంకును. అచ్చట మంచు చేసిన పనిని ఇచ్చట ఏరును, పారయు చేసినవి. ఏరు దారి మార్చుకొనగా మిగిలిన పల్లములు కొన్ని. ఇంటి పునాది ఎత్తుచేయుటకు మన్ను తీసిన గుంటలు కొన్ని. ఊరివారు పూనుకొని త్రవ్వించిన మంచినీళ్ల చెరువులు కొన్ని.

1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. గన్నవరము వద్ద 49 ఖానాల అక్విడెక్టు వైనతేయ పాయమీదుగా కాలువనీటిని ఆవలి లంకకు చేర్చినది. నాటినుండి చెరువునకు కాలువయే ఆధారమైనది. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందే చెరువులు నింపుకొనుట ఆ ఊళ్ల ఆచారము. నింపని చెరువు రెండు నెలల దాహమునకు గుర్తు.

చెరువు చేయు మరియొక పని కంటికి కానరాదు. తీపినీరు ఉప్పునీటికన్న తేలిక. కావున ఇసుకనేలలో దానిపై తేలుచుండును. గైబెన్, హెర్జ్‌బెర్గ్ అను శాస్త్రజ్ఞులు చూపిన లెక్క ప్రకారము, సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున తీపినీరు నిలిచినచో, ఆ మట్టమునకు దిగువన ఇంచుమించు 40 అడుగుల వరకు తీపినీరే యుండును. పైన ఒక అడుగు తరిగిన, క్రిందినుండి ఉప్పు క్రమముగా 40 అడుగులు ఎగబ్రాకును. చెరువునుండి ఇంకిన నీరు వృథాపోయినది కాదు. ప్రక్కనున్న నూతిని కాపాడినది.

నేడు కుళాయి వచ్చినదని కొన్ని చెరువులు గుఱ్ఱపుడెక్కకు విడువబడినవి; కొన్ని పూడ్చబడి ఇండ్లస్థలములైనవి. మరియొకవైపు రొయ్యల చెరువులు వెలసినవి. ఒకే మాట రెండు విరుద్ధార్థములకు చీలినది: ఒక చెరువు నూతికి తీపినిచ్చును, ఉప్పునీరు పెట్టిన చెరువు ఆ తీపిని హరించును. తీరప్రాంతపు రొయ్యల సాగును కట్టడిచేయుచు 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చెరువులు సమష్టి సంపదయని, వానిని ఆక్రమణనుండి కాపాడవలెనని 2001లో మరల చెప్పినది.

రొయ్య రైతునకు రాబడి నిచ్చుట నిజము. వరిసాగు గిట్టక, మురుగు పోవక, 2011లో కోనసీమ రైతులు అనేకులు సార్వపంటకే విరామము ప్రకటించిరి. అట్టివారిని తప్పుపట్టి లాభము లేదు. కాని రాబడి ఒకరిది, చెడిన నూయి పదిమందిది. ఈ లెక్క పంచాయతీ తేల్చవలసినది. ఏటేట పూడిక తీయుట, కాలువనుండి చెరువునకు వచ్చు తూము మూసికొనిపోకుండ చూచుట, ఊరి చెరువు హద్దులు కొలిచి రాళ్లు పాతించుట: ఇవి పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు. కాలువలు కట్టివేయులోపల చేయవలసినవి.