చిత్తుప్రతి తర్వాత

కథ రాయడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మొదటిసారి కాగితం మీద పెట్టిందే కథ అనుకుంటారు. అచ్చుతప్పులు దిద్ది, ఆ వారమే పత్రికకు పంపేస్తారు. చేతిలో ఉన్నది చిత్తుప్రతి అనీ, అసలు పని ముందుందనీ వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. కొత్త రచనలు తిరిగొచ్చేది ఎక్కువగా ఈ తొందర వల్లే.

తిరగరాయడం ఎంత పని చేస్తుందో చూడాలంటే తెలుగులో కన్యాశుల్కాన్ని మించిన ఉదాహరణ లేదు. గురజాడ అప్పారావు నాటకం 1892లో విజయనగరంలో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. రాజాస్థానం మెచ్చింది, పేరూ వచ్చింది. అక్కడితో ఆగినా ఆయన్ను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఆగలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. అంకాలు అయిదు నుంచి ఏడయ్యాయి, పాత్రలకు ఒళ్లూ ప్రాణం వచ్చాయి, మధురవాణి కథను నడిపించే మనిషైంది. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ ఈ రెండో కూర్పునే. పరిశోధకుడు బంగోరె శ్రమవల్ల మొదటి కూర్పు కూడా మళ్లీ అచ్చులోకి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే రచనాశిల్పం గురించి ఏ తరగతి గదిలోనూ దొరకని పాఠం దొరుకుతుంది. ఒక మహారచయిత తన వాక్యాన్ని తానే ఎక్కడ చాలదనుకున్నాడో కళ్లకు కనిపిస్తుంది.

తిరగరాయడానికి కూర్చునేముందు కథను కొన్నాళ్లు పక్కన పెట్టాలి. రాసిన వేడిలో చదివితే, కాగితం మీద లేనిది కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. రెండుమూడు వారాల తర్వాత తీస్తే పరాయివాళ్ల కథలా కనిపిస్తుంది, లోపాలూ తెలుస్తాయి. అప్పుడైనా ముందు చూడాల్సింది వాక్యాలను కాదు, నిర్మాణాన్ని. ఈ కథ ఎవరిది? ఎక్కడ మొదలు కావాలి? తెల్లవారడంతోనో, బస్సు కిటికీ పక్కన కూర్చున్న మనిషికి గతం గుర్తుకు రావడంతోనో మొదలయ్యే కథలు లెక్కలేనన్ని. వాటిలో చాలావాటికి మొదటి పేజీ తీసేస్తే కథ సరిగ్గా మొదలవుతుంది. చివరి పేరాకూ ఇదే పరీక్ష. పాఠకుడికి అప్పటికే అర్థమైన నీతిని మరోసారి చెబుతున్న పేరా ఎంత బాగా కుదిరినా కొట్టేయాల్సిందే.

వాక్యాల వంతు ఆ తర్వాత. ఇక్కడ కంటికంటే చెవి నమ్మకమైనది. కథ మొత్తం పైకి చదవాలి. ఊపిరి అందని చోట వాక్యం బరువైనట్టు, నాలుక తడబడిన చోట మాట అతకనట్టు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, దాని ముందు విశేషణాలూ, ‘చేసి’, ‘వచ్చి’, ‘చూసి’ అనే క్రియలూ గొలుసుకట్టుగా పేరిస్తే, పాఠకుడు కర్త ఎవరో మరిచిపోతాడు. అలాంటి వాక్యాన్ని రెండుగానో మూడుగానో విరవాలి. ‘చెప్పబడింది’, ‘చూడబడింది’ వంటి రూపాలు ఇంగ్లిష్ చదువు వల్ల కలానికి అలవాటైనవి. కథలో అవి కనిపించినప్పుడల్లా ఆ పని చేసిందెవరో చెబితే చాలు, వాక్యం నిలబడుతుంది.

సంభాషణ దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. మాండలికం అంటే అక్షరాలను వంకర్లు తిప్పడమనుకుంటారు. రావిశాస్త్రి కథల్లో విశాఖ కోర్టుల చుట్టూ తిరిగే మనుషులు, నామిని కథల్లో చిత్తూరు పల్లెల మనుషులు, ఖదీర్‌బాబు దర్గామిట్ట కథల్లో నెల్లూరు ఇళ్లు సజీవంగా ఉండటానికి కారణం ఉచ్చారణ ఒక్కటే కాదు. వాళ్లు వాక్యాన్ని ఎక్కడ విరుస్తారు, కోపం వస్తే ఏమంటారు, ఎవరిని ఏ వరసతో పిలుస్తారు అన్నవి ఆ రచయితలు చిన్నప్పటినుంచో, వృత్తిలోనో వింటూ వచ్చినవి. చెవిన పడని యాసను పుస్తకాలు చూసి రాస్తే ఆ ప్రాంతం వాళ్లు మొదటి పేజీలోనే పట్టేస్తారు. అంతకంటే తనకు తెలిసిన వీధి భాషలో రాసుకోవడం మేలు.

చదవడం గురించి అందరూ చెబుతారు గానీ, ఎలా చదవాలో చెప్పేవాళ్లు తక్కువ. మొదటిసారి పాఠకుడిగా, రెండోసారి పనివాడిగా పెన్సిల్ పట్టుకుని చదవాలి. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ ఇలా చదవదగ్గ కథ. ఊళ్లో ఒక బాకీ మీద పంచాయితీ జరుగుతుంది. ఆ తగవు నడుస్తుండగానే ఊరు బాగుపడిందన్న మాట వెనక ఎవరు బాగుపడ్డారో, ఎవరు చితికిపోయారో బయటపడుతుంది. అర్థశాస్త్రమంతా వాదప్రతివాదాల్లో ఇమిడిపోయింది, రచయిత ఉపన్యాసంగా చెప్పలేదు. ఏ సమాచారం ఎవరి నోట, ఏ క్షణంలో వచ్చిందో గుర్తు పెట్టుకుంటూ పోతే ఆ నేర్పు అర్థమవుతుంది. ఆ రామారావే 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల కోసం కథానిలయం నెలకొల్పారు. అక్కడి సేకరణలోని కథలు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి కాబట్టి పాత పత్రికలు దొరకవన్న సాకు ఇప్పుడు చెల్లదు.

కథ సిద్ధమయ్యాక పంపడంలో పద్ధతి ఉంది. ఆ పత్రిక నాలుగైదు సంచికలు చూస్తే ఎంత నిడివి, ఎలాంటి కథలు వేస్తుందో తెలుస్తుంది. కథ యూనికోడ్‌లో ఉంటే ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. పాత డీటీపీ ఫాంట్లలో పంపితే అవతలివైపు అక్షరాలు చెదిరిపోవచ్చు. రచన సొంతమనీ, వేరెక్కడా అచ్చుకాలేదనీ, పరిశీలనలో లేదనీ చాలా పత్రికలు హామీపత్రం అడుగుతాయి. అలా హామీ ఇచ్చి అదే కథను మరో పత్రికకూ పంపితే రెండు చోట్లా నమ్మకం పోతుంది. ఏ కథ ఎప్పుడు, ఎక్కడికి వెళ్లిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే ఈ చిక్కు రాదు.

అచ్చయిన కథ మీద హక్కు ఎవరిదన్న విషయంలో తెలుగు రచయితలు మరీ ఉదాసీనంగా ఉంటారు. ఇది మారాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన రూపం దాల్చగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అది ఉంటుంది. రక్షణ రచనకే తప్ప ఊహకు కాదు. అందుకే ఇంకా రాయని కథను వినిపించేటప్పుడు జాగ్రత్త అవసరం. హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. కాబట్టి సంతకానికి ముందు చూడాల్సినవి ఏ హక్కు, ఎంతకాలం, ఎక్కడ, ఎంత ప్రతిఫలానికి అన్న నాలుగు. అచ్చు హక్కు ఇచ్చినంత మాత్రాన ఆడియో, అనువాద, సినిమా హక్కులు కూడా ఇచ్చేయనక్కర్లేదు. వాటిని విడివిడిగా రాయించుకోవచ్చు. సినిమాకు పాట రాసేవాళ్లకు 2012 సవరణ మరో అండ ఇచ్చింది. థియేటర్లో సినిమాతోపాటు వినిపించడం మినహా ఇతర వినియోగాల మీద వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు.

అనువాద హక్కు చిన్నదేమీ కాదు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది ఇంగ్లిష్‌లోకి వెళ్లడం వల్లే.

తెలుగులో కేవలం కథల మీద బతకడం కష్టం. రావిశాస్త్రి న్యాయవాది, కాళీపట్నం రామారావు బడిపంతులు, కొడవటిగంటి కుటుంబరావు చందమామ సంపాదకత్వం చూస్తూనే రాశారు. సంపుటి వేసుకునేవాళ్లు చాలావరకు సొంత డబ్బే పెడతారు. అలాంటప్పుడు ముందు తక్కువ ప్రతులు వేయించి, అమ్మకం చూసి మళ్లీ వేసుకోవడం మంచిది. ఐఎస్‌బీఎన్ సంఖ్యను భారత ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల నాటికి పుస్తకం చేతికొచ్చేలా ముద్రణ చూసుకుంటే, పాఠకులు నేరుగా కొనే రోజులు కలిసొస్తాయి.