‘కృత్రిమ సూర్యుడి’ని పట్టి ఉంచడం ఎందుకంత కష్టం?

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజూ పోగయ్యే చెత్తతో సుమారు 500 యూనిట్ల కరెంటు తయారవుతోందని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. చెత్త కుళ్లితే గ్యాస్, గ్యాస్‌తో కరెంటు. ఇది ఎవరికైనా అర్థమయ్యే లెక్క. ఫ్యామిలీ గ్రూపుల్లో ‘ఇక కరెంటు బిల్లే ఉండదట’ అంటూ తిరుగుతున్న కృత్రిమ సూర్యుడి సంగతి మాత్రం వేరు.

2025 జనవరిలో చైనాలోని ఈస్ట్ యంత్రం ప్లాస్మాను 1,066 సెకన్లు నిలబెట్టింది. మరుసటి నెలలో ఫ్రాన్స్‌లోని వెస్ట్ 1,337 సెకన్లు చేసింది. అంటే 22 నిమిషాలు. కరెంటు ప్లాంటు నెలల తరబడి నడవాలి కదా, మరి అడ్డేంటి?

వేడి చేయడం కాదు. 10 కోట్ల డిగ్రీలు దాటించిన యంత్రాలున్నాయి. ఆ వేడిని పట్టుకోవడమే కష్టం. ఏ గిన్నే ఆగదు కాబట్టి, గారె ఆకారంలో ఉండే టోకమాక్‌లో అయస్కాంతాలతో ప్లాస్మాను గోడలకు తగలకుండా పట్టి ఉంచుతారు. ఇందుకు ప్లాస్మాలోనే లక్షల ఆంపియర్ల కరెంటు పారాలి. చిక్కు కూడా అక్కడే ఉంది. ప్లాస్మా ఒకచోట కొంచెం వంగిందనుకోండి, వంపు లోపలివైపు ఆ కరెంటు పుట్టించిన అయస్కాంత రేఖలు దగ్గరపడి దాన్ని ఇంకా బయటికి నెడతాయి. వంపు వంపునే పెంచుతుందన్నమాట.

ఇంకో రకం మరీ మొండిది. రేఖలు తెగి, వేరేలా అతుక్కుని ‘ద్వీపాలు’గా మారతాయి. వాటి గుండా వేడి బయటికి కారిపోతుంది. ద్వీపాలు ప్లాస్మాతో పాటు తిరుగుతున్నంతసేపు కొంత నయం. తిరగడం ఆగి ఒకచోట నిలిచిపోతే బాగా పెరుగుతాయి, సెకనులో వెయ్యో వంతుల్లో ప్లాస్మా మొత్తం కుప్పకూలవచ్చు. దీన్నే డిస్రప్షన్ అంటారు.

గాంధీనగర్ దగ్గర ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి ‘ఆదిత్య’ టోకమాక్ ఉంది. ప్లాస్మా అంచులో ఎలక్ట్రోడ్ పెట్టి, సరైన సమయంలో వోల్టేజీ ఇస్తే ప్లాస్మా తిరిగే వేగం మారి ద్వీపాలు అణిగాయని, డిస్రప్షన్ తప్పిందని అక్కడి శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించారు. చిన్న యంత్రమే, కానీ పనికొచ్చే ఫలితం.

చిన్న యంత్రంలో ప్లాస్మా కూలితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్‌లో 1.5 కోట్ల ఆంపియర్లు పారాలి. అక్కడ డిస్రప్షన్ వస్తే లోపలి గోడలు కరగొచ్చు. అందుకే ప్రమాదం పసిగట్టగానే గడ్డకట్టిన హైడ్రోజన్, నియాన్ ముక్కలను ప్లాస్మాలోకి పేల్చే ఏర్పాటు చేస్తున్నారు. ఐటర్ నిర్మాణంలో దాదాపు 9 శాతం వాటా భారత్‌దే. అంటే అందులో మన పన్ను డబ్బూ ఉంది. దాని భారీ ఉక్కు క్రయోస్టాట్ గుజరాత్‌లోని హజీరాలో తయారైంది.

50 మెగావాట్ల వేడి ఇచ్చి 500 మెగావాట్లు రాబట్టడం ఐటర్ లక్ష్యం. అది కూడా వేడి రూపంలోనే. ఐటర్ నుంచి ఒక్క యూనిట్ కరెంటు కూడా గ్రిడ్‌కి రాదు.